పదికి రెండు

“రెండు అందా? విరిగిన చెయ్యి పెట్టుకుని పదికి రెండు అందా?”

అత్తగారు ఆ మాట అడగడం అది నాలుగోసారి. నాలుగుసార్లూ ఒకటే జవాబు వచ్చింది. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైన మనిషి. నంబరు మీద అనుమానం వస్తే మళ్ళీ అడగడం ఆవిడకి ఉద్యోగంతో వచ్చిన అలవాటు.

“రెండే అంది అత్తయ్యా,” అంది కోడలు.

కోడలు నర్సు. ఆస్పత్రి నుంచి వచ్చి పావుగంటైనా ఇంకా గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. చెప్పులు కూడా విప్పలేదు. కూర్చోమని ఎవరూ అనలేదు, కూర్చోవాలని ఆమెకీ తోచలేదు.

ఆమె భర్త ఎక్స్-రే ఫిల్మును కిటికీ అద్దానికి అదిమిపెట్టి చూస్తున్నాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్ అతను. తీగలో ఒక్క పోగు తెగినా చూడగానే పట్టేస్తాడు. తెల్లటి ఎముక మీద వెంట్రుకంత నల్లగీత అతనికి అక్కర్లేనంత స్పష్టంగా కనిపిస్తోంది.

“సోమవారం పడింది. ఇవాళ బుధవారం,” అన్నాడు వెనక్కి తిరక్కుండానే. “ఈ చేత్తో సంచీ మోసుకుంటూ బడికెళ్ళింది. ఈ చేత్తో పరీక్ష రాసింది. మనం ముగ్గురం ఇంట్లోనే ఉన్నాం.”

సోఫా మూల ముడుచుకుని కూర్చున్న ఉడుత తన పిండికట్టు వైపు చూసుకుంది. పదకొండేళ్ళ పిల్ల. కనపడిన గోడనల్లా ఎక్కుతుందని నానమ్మే ఆ పేరు పెట్టింది. బడి మైదానంలో ఇనుప కడ్డీ మీంచి జారింది. ఈ పొద్దున బూటు లేసు ముడి వేసుకోబోయి కళ్ళు తిరిగి పడిపోకపోతే ఇవాళ కూడా బడికే వెళ్ళేది.

ఎముకల డాక్టరు అడిగినప్పుడు నర్సు పక్కనే ఉంది.

“పదికి ఎంత పాపా?”

“తొమ్మిది.”

“ఎప్పట్నుంచి?”

“పడ్డప్పట్నుంచి.”

“మరి అమ్మకి చెప్పలేదా?”

“చెప్పాను. రెండని.”

డాక్టరు తలెత్తి నర్సు వైపు చూశాడంతే. అదే ఆస్పత్రిలో రెండో అంతస్తులో, ఎంతకీ తగ్గని నొప్పులతో ఉండే పిల్లల వార్డులో ఆమె తొమ్మిదేళ్ళుగా పనిచేస్తోందని ఆయనకి తెలుసు. ఆ వార్డులో ‘బాగున్నావా’ అని ఎవరూ పలకరించరు. ‘పదికి ఎంత’ అంటారు. సున్నా అంటే నొప్పి లేదు. పది అంటే ఓర్చుకోలేను. ఆమె నోటి నుంచి రోజుకి వందసార్లు వచ్చే మాట అది.

“చెయ్యి చూశావా?” అన్నాడు మెకానిక్.

నర్సు చేతిసంచీ ఇంకో భుజానికి మార్చుకుంది.

“సోమవారం సాయంత్రం. అది చెయ్యి నొప్పి అన్నప్పుడు చెయ్యి చూశావా అని అడుగుతున్నా.”

“లేదు.”

“కళ్ళు మూసుకునే అడిగావు. పదికి ఎంత, అని.”

“డ్యూటీ నుంచి అప్పుడే వచ్చానండీ. రెండు అంది. రెండైతే పొద్దునకి పోతుందన్నాను. పొద్దున మళ్ళీ అడిగాను. ఒకటిన్నర అంది.”

“ఒకటిన్నరా!” అత్తగారు గుండె మీద చెయ్యి వేసుకుంది. “నొప్పికి భిన్నాలు కూడానా!”

ఇంకో రోజైతే ఆ మాటకి ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్ళు. ఇవాళ చెప్పిన మనిషికే నవ్వు రాలేదు.

“మడమెత్తి నడిస్తే చాలు, ఏ పిల్లకి ఎక్కడ నొప్పో నీకు తెలిసిపోతుందంటారు,” అన్నాడు మెకానిక్. ఫిల్మును కవరులో పెట్టబోయి ఆగాడు. “ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు.”

“ఆగరా,” అంది తల్లి. “రచ్చ గెలిచింది అదొక్కతేనా? నువ్వేం తక్కువ? మూడో అంతస్తులో లిఫ్టు కిర్రుమంటే కింద నిలబడి చెప్పేస్తావు. నీ ఎదురుగా కూర్చుని పిల్ల ఎడంచేత్తో చెంచా పట్టుకుంటే కళ్ళెక్కడ పెట్టావు?”

“అమ్మా, నేను...”

“నేనూ అంతే. ఎడంచేత్తో తింటున్నావేంటే అని వేళాకోళమాడాను. నవ్వింది. నవ్వింది కదా అని ఊరుకున్నాను. తప్పు పంచుకుంటే తలా ఇంత వస్తుంది. అంతా దాని నెత్తినే వెయ్యకు.”

అత్తగారు తన పక్షం మాట్లాడటం నర్సుకి కొత్త. పదమూడేళ్ళ కాపురంలో రెండుసార్లు జరిగి ఉంటుంది. దానికి సంతోషించాలని కూడా తెలియనంతగా ఆమె మనసు మొద్దుబారిపోయి ఉంది.

మెకానిక్ గొంతు తగ్గించి అసలు మాట అన్నాడు.

“ఇవాళ సంతకం పెట్టెయ్.”

“పెడతాను.”

“ఒంటిగంట లోపల.”

“పెడతానని చెప్పానుగా.”

సంతకం బదిలీ కాగితం మీద. కళ్ళ విభాగానికి వెయ్యమని నెల కిందట ఆమె రాసిచ్చిన అర్జీ సోమవారం మంజూరైంది. ఇవాళ ఒంటిగంట లోపల సంతకం పెట్టకపోతే ఆ చోటు వరసలో ఉన్న ఇంకొకరికి పోతుంది. కళ్ళ విభాగంలో ఎవరూ అరవరు. గోడ మీద అక్షరాలు చదువుతారు, ఇంటికెళ్తారు. మళ్ళీ వాళ్ళ మొహం చూడక్కర్లేదు.

ఆమె ప్రాణమంతా ఆ కాగితం మీదే ఉంది. వార్డులో చేరిన మొదటి రెండేళ్ళు ఇంటికొచ్చి ఏడ్చేది. తర్వాత ఇంట్లో ఏడుపు ఆగిపోయింది, గట్టిపడ్డాననుకుని సంబరపడింది. ఈ ఏడు ఇద్దరు సిస్టర్లు మానేశారు. వాళ్ళ బదులు ఎవరూ రాలేదు. మధ్యాహ్నం పన్నెండు నుంచి ఆరు దాకా ఎనిమిది మంచాలూ ఒంటిచేత్తో చూడాల్సొచ్చింది. అప్పుడు తెలిసింది తాను ఎండిపోయానని. నయం కాని పిల్లలు. మందిస్తే గంట ఊరట, మళ్ళీ మొదలు. బావి అడుగంటాక చేద వేస్తే మట్టే వస్తుంది. ఈ మధ్య ఆమెకి ఎవరు ‘నొప్పి’ అన్నా జాలి రావడం లేదు, కోపం వస్తోంది. ఆ సంగతి భర్తకి కూడా చెప్పలేదు.

“ఉడుతా,” అంది నానమ్మ. వెళ్ళి మనవరాలి పక్కన కూర్చుంది. “ఇలా చూడు. ఎవరూ తిట్టరు. తొమ్మిదిని పట్టుకుని రెండని ఎందుకన్నావు?”

ఉడుత పిండికట్టు అంచు గోకుతూ కూర్చుంది.

“భయమా?”

తల అడ్డంగా ఊపింది.

“బడి పోతుందనా?”

మళ్ళీ అడ్డంగా.

“మరెందుకమ్మా?”

“అయిదైతే అమ్మ మాత్ర వెతకాలి,” అంది ఉడుత, లెక్కల సారుకి ఎక్కం అప్పజెప్పినట్టు. “నాలుగైతే ఐసు పెట్టాలి. మూడైతే చెయ్యి చూడాలి.” ఆగింది. “రెండైతే లేవక్కర్లేదు.”



మెకానిక్ ఫిల్మును మెల్లగా బల్ల మీద పెట్టేశాడు. నర్సు నడిచి వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. నీళ్ళు పోతూనే ఉన్నాయి. దేనికోసం తిప్పిందో ఆమెకి గుర్తు లేదు.

వెనకాలే అత్తగారు వచ్చి కుళాయి కట్టేసింది.

“నీకెంతే?”

“ఏంటత్తయ్యా?”

“నీ సంగతే. పదికి ఎంత?”

“రెండు,” అంది నర్సు, ఠక్కున.

అత్తగారు ఆమె మొహంలోకి చూస్తూ నిలబడిపోయింది. ఒక్క నిమిషం గడిచాక గాని కోడలికి తానేమందో తెలియలేదు. తెలిశాక గట్టు పట్టుకుంది.

“ఎక్కడ నేర్చిందా అనుకున్నాను,” అంది అత్తగారు.

ఆ గొంతులో వెటకారం లేదు. వెటకారం ఉంటే ఎంతో బాగుండేది, తిరిగి ఒక మాట అనడానికి వీలుండేది.

“పన్నెండవుతోంది. వెళ్ళు. సంతకం పెట్టి రా. పిల్లని నేను చూసుకుంటాను.”

*

వార్డు తలుపు దగ్గర లాండ్రీ అతను తలగడ గలీబుల మూట పట్టుకుని కాచుకుని ఉన్నాడు.

“సిస్టర్, మీరు మా మీద రాసిన కంప్లయింటు పైదాకా పోయింది. మా మిషను తప్పు కాదు. చూడండి, మీరే చూడండి.” ఒక గలీబు తీసి చూపించాడు. మూల చిరిగి, పోగులు పోగులుగా వేలాడుతోంది. “దుప్పట్లు చిరగవు. చొక్కాలు చిరగవు. మీ వార్డు గలీబులే, అదీ ఒక్క మూలే. మిషను మూల ఎంచుకుని చింపుతుందా?”

“ఎలకలేమో చూడండి.”

“ఎలకలకి మీ వార్డంటేనే అంత ఇష్టమా?”

“తర్వాత మాట్లాడదాం,” అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. పుండు మీద కారం చల్లడానికి ఇవాళే దొరికిందా ఇతనికి, అనుకుంది.

ఎనిమిది మంచాలు. కిటికీ పక్క మంచం రేడియోది. పదమూడేళ్ళ పిల్ల, కీళ్ళ జబ్బు. మూడేళ్ళుగా వస్తూ పోతూ ఉంది. నిద్రలో తప్ప నోరు మూతపడదని నర్సులు పెట్టిన పేరది. దాని పక్క మంచం బొత్తాంది. ఆరేళ్ళు. ఎడమ కాలి నరాల్లో ఎప్పుడూ మంట. దుప్పటి తగిలినా ఓర్చుకోలేదని కాలి మీద తీగల గూడు పెట్టి దాని పైన దుప్పటి కప్పుతారు. రోజంతా చొక్కా బొత్తాం తిప్పుకుంటూ పడుకుంటుంది, ఎక్కువ మాట్లాడదు.

“సిస్టర్! ఇవాళ అయిదు నిమిషాలు లేటు,” అంది రేడియో. “మీ ఇంట్లో గడియారం మా కీళ్ళలాంటిదా?”

“పదికి ఎంత?”

“నాలుగు.”

పెన్ను ‘నాలుగు’ రాయడానికి కాగితం మీదకి దానంతటదే వెళ్ళింది. నర్సు దాన్ని ఆపింది. ఎన్ని రోజులైందో తెలియదు, ఇవాళ మొదటిసారి ఆమె ఛార్టుని వదిలి పిల్ల వైపు చూసింది.

రేడియో నవ్వుతోంది. నుదురంతా చెమట. కింది పెదవి మీద పంటి గాటు. దుప్పటి కింద ఎడమ చెయ్యి తలగడ మూలని పిండేస్తోంది.

సోమవారం తన కూతురూ ఇలాగే నవ్వి ఉంటుంది. తాను కళ్ళు మూసుకుని ఉంది కాబట్టి చూడలేదు.

ఆమె వెనక్కి వెళ్ళి ఎనిమిది ఛార్టులూ బల్ల మీద పరిచింది. పొద్దుటి సిస్టరు రాతలో ఏడు, ఎనిమిది. రాత్రి సిస్టరు రాతలో ఎనిమిది, తొమ్మిది. మధ్యాహ్నం గడులు మాత్రం తన రాతలో నాలుగు, అయిదు, నాలుగు, నాలుగు. ఒక్క మంచానిది కాదు, ఎనిమిదింటివీ అంతే. మూడు వారాలుగా మధ్యాహ్నం పూట ఆ వార్డులో ఏ పిల్లకీ అయిదు దాటి నొప్పి లేదు.

ఈ సంగతి అందరికీ తెలుసు. తెలిసి మెచ్చుకున్నారు కూడా. “నీ హస్తవాసి మంచిదమ్మా, నువ్వొస్తే చాలు నొప్పులు సర్దుకుంటాయి,” అంది ఇన్‌ఛార్జి సిస్టరు పోయిన వారమే. నర్సు ఆ మాట ఇంట్లో చెప్పుకుని మురిసింది. వార్డులో ఒక కట్టుబాటుంది. ఆరు వస్తే డాక్టర్ని పిలవాలి, అదనపు మందు ఇవ్వాలి. అయిదు లోపల అయితే వేడినీళ్ళ సంచీ, నాలుగు కబుర్లు. మూడు వారాలుగా ఆమె చేత్తో ఒక్క పిల్లకీ అదనపు మందు అందలేదు.

కుర్చీ లాక్కుని రేడియో మంచం పక్కన కూర్చుంది.

“నిజం చెప్పు.”

“చెప్పాగా, నాలుగు.”

“పొద్దున సిస్టరుకి ఎనిమిదన్నావు. నేను రాగానే సగమైపోయిందా?”

“మీ హస్తవాసి సిస్టర్.”

“రేడియో.”

మొట్టమొదటిసారి ఆ పిల్ల నోరు మూతపడింది. చుట్టూ ఉన్న మంచాల మీద కదలికలు ఆగిపోయాయి. ఏడుగురూ చెవులు రిక్కించి వింటున్నారు.

“మీ డ్యూటీలో అయిదు దాటకూడదు,” అంది రేడియో చివరికి. “రూలు పెట్టుకున్నాం.”

“ఎవరు పెట్టారు?”

“నేనే. అందరూ ఒప్పుకున్నారు. చిన్నవాళ్ళు మర్చిపోతారని నేనే ముందు నాలుగంటా. నా వెనకాల అందరూ అంటారు.”

“ఎందుకే? ఎందుకు తల్లీ?”

రేడియో బొత్తాం వైపు చూసింది. బొత్తాం చొక్కా బొత్తాం వైపు చూసుకుంది.

“మూడు వారాల కిందట ఆయా చక్రాల కుర్చీలో స్నానానికి తీసుకెళ్ళేటప్పుడు ఇది చూసింది,” అంది రేడియో. “దుప్పట్ల గది తలుపు కాస్త తీసుంది. మీరు లోపల నేల మీద కూర్చుని, నోట్లో దుప్పటి కుక్కుకుని ఏడుస్తున్నారు. పొడుగు సిస్టరు కూడా ముందు అక్కడే ఏడ్చింది. తర్వాత వెళ్ళిపోయింది. పాటల సిస్టరు కూడా అంతే. దుప్పట్ల గదిలో ఏడ్చినవాళ్ళు నెల తిరక్కుండా మానేస్తారు సిస్టర్. మాకు తెలుసు. మీరొక్కరే మిగిలారు.”

ఆ రోజు తలుపు వేశాననే నర్సు అనుకుంది. తాను ఏడ్చిన ఏడుపుకి సాక్షులున్నారని, ఆ సాక్షులు మంచాల మీద పడుకుని తనకోసం పంచాయితీ పెట్టి తీర్మానం చేసుకున్నారని కలలో కూడా అనుకోలేదు.

“అంత నొప్పిని ఎలా ఓర్చుకున్నారే?”

ఈసారి జవాబు బొత్తాం ఇచ్చింది.

“తలగడ మూల కొరుక్కుంటే అరుపు బయటికి రాదు,” అంది సన్నగా. “రేడియో అక్క నేర్పింది. మీరూ దుప్పటి కొరుక్కున్నారుగా సిస్టర్.”

లాండ్రీ అతను పట్టుకున్న గలీబు, దాని మూల వేలాడుతున్న పోగులు నర్సు కళ్ళ ముందు ఆడాయి. మిషను మీద కంప్లయింటు రాసింది తానే. కింద తన సంతకం. ఆమెకి తన మీద తనకే రోత పుట్టింది.

లేచి నిలబడింది.

“ఇప్పుడు మళ్ళీ అడుగుతాను. రూలు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.”

అందరూ రేడియో వైపు చూస్తున్నారు.

“చెప్తాం,” అంది రేడియో. “మీరు వెళ్ళిపోరుగా?”

“ఎక్కడికి వెళ్తానే?” అంది నర్సు వెంటనే. “ఇక్కడే ఉంటాను.”

వంటింట్లో ‘రెండు’ ఎంత తేలిగ్గా వచ్చిందో, ఈ మాటా అంత తేలిగ్గానే వచ్చింది. కాగితం సంగతి అప్పుడామెకి నిజంగా గుర్తు లేదు. గుర్తుంటే మాత్రం ఏం అనేదో ఆమెకే తెలియదు.

“ఎనిమిదిన్నర,” అంది రేడియో. అన్నాక కళ్ళలోంచి బొటబొటా నీళ్ళు కారాయి. “ఎనిమిదిన్నర సిస్టర్. మోకాళ్ళు రెండూ.”

అంతే, కట్ట తెగింది. తొమ్మిది. ఏడు. ఎనిమిది. తలుపు పక్క మంచం పిల్లాడు అంకె చెప్పలేక ఏడుస్తూనే ఉన్నాడు. నర్సు ఒక్కో మంచం దగ్గరా వంగి, మొహం చూసి, నొప్పి ఉన్నచోట చెయ్యి వేసి, రాసుకుంటూ వచ్చింది. రాస్తుంటే అక్షరాలు అలుక్కుపోతున్నాయి. అయినా రాసింది. చాలాకాలం తర్వాత ఆమెకి కోపం రాలేదు. ఏడుపే వచ్చింది, దాన్ని దాచుకోలేదు.

చివరికి బొత్తాం దగ్గరికి వచ్చింది.

“నీకెంత నాన్నా?”

బొత్తాం చొక్కా బొత్తాం వదిలేసి రెండు చేతులూ పైకెత్తింది. పది వేళ్ళూ విచ్చుకుని ఉన్నాయి.

“డాక్టరుకి కూడా ఇలాగే చూపించాలి, సరేనా?”

సరేనని తలూపింది. చేతులు దించితే లెక్క మారిపోతుందేమోనని భయపడి, ఎత్తినవి ఎత్తినట్టే ఉంచుకుంది.

నర్సు ఫోను తీసింది.

“ఎనిమిది మంచాలకా?” అన్నాడు డాక్టరు అవతలి నుంచి. “అందరికీ ఒక్కసారేనా? ఏదైనా పొరపాటేమో చూడండి సిస్టర్. మీ డ్యూటీలో ఎప్పుడూ...”

“పొరపాటే డాక్టర్. మూడు వారాలుగా జరుగుతున్న పొరపాటు. నాదే. మీరు ముందు రండి, తర్వాత ఎక్కడ రాసిమ్మంటే అక్కడ రాసిస్తాను.”

“వస్తున్నా,” అని ఆయన ఫోను పెట్టేశాడు.

ఫోను జేబులో పెట్టుకుంటుంటే అది మోగింది. ఇంటి నంబరు. అత్తగారు.

“అమ్మాయ్, పిల్ల నీతో మాట్లాడతానంటోంది. ఇదిగో.”

“అమ్మా,” అంది ఉడుత. “ఇప్పుడు ఆరు. నిజం ఆరు. నానమ్మ చెప్పమంది. కానీ నువ్వు రానక్కర్లేదు.”

“చెప్పావు కదా, అది చాలు తల్లీ,” అనగలిగింది. “మాత్ర నానమ్మ ఇస్తుంది. నేను ఆరింటికి వస్తాను. వచ్చి చెయ్యి చూస్తాను.”

“సంతకం పెట్టావా అని నాన్న అడగమన్నారు.”

గోడ గడియారంలో ఒంటిగంట కావడానికి పది నిమిషాలుంది. నర్సుకి కాగితం అప్పుడు గుర్తొచ్చింది. ఫోను చెవి దగ్గరే పట్టుకుని నిలబడింది.

“ఏమ్మా, నీకోసం రెండు అంతస్తులూ వెతికాను!”

తలుపు దగ్గర ఇన్‌ఛార్జి సిస్టరు. ఒక చేతిలో కాగితం, ఒక చేతిలో పెన్ను. పాపం, ఆవిడకి ఏమీ తెలియదు. తన సిస్టరుకి ఎట్టకేలకు విశ్రాంతి దొరుకుతోందన్న సంతోషం మొహమంతా పరుచుకుని ఉంది. గొంతు సహజంగానే పెద్దది.

“సంతకం పెట్టు తొందరగా. ఒంటిగంట దాటితే కళ్ళవాళ్ళు ఇంకొకర్ని తీసుకుంటారు. రేపట్నుంచి నీకు అరుపుల్లేవు, ఏడుపుల్లేవు. హాయిగా అక్షరాలు చదివించుకుంటూ కూర్చో.”

“సిస్టర్, ఒక్క నిమిషం...”

“నిమిషాలెక్కడున్నాయమ్మా! ఇలా పట్టుకో.”

కాగితం నర్సు చేతిలోకి వచ్చింది. పెన్ను కూడా వచ్చింది. ఫోనులో ఉడుత ‘అమ్మా, ఉన్నావా’ అంటోంది.

వార్డులో ఏడుపులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. తలుపు పక్క మంచం పిల్లాడు తలగడ మూల నోట్లో పెట్టుకున్నాడు. రేడియో తప్పు తనదే అన్నట్టు తల దించుకుంది.

బొత్తాం చేతులు మాత్రం ఇంకా పైకే ఉన్నాయి. అది నర్సు చేతిలోని కాగితాన్ని చూసింది. నర్సు మొహం చూసింది. తర్వాత కుడిచేతి బొటనవేలు ముడుచుకుంది. దాని పక్క వేలు. దాని పక్కది. ఒక చెయ్యంతా అయిపోయాక రెండో చేతిది మొదలుపెట్టింది. పెదవి వణుకుతున్నా నవ్వుతూ, ఒక్కొక్కటే, లెక్క తప్పకుండా.

చివరికి రెండు వేళ్ళు మిగిలాయి.

“రెండే సిస్టర్,” అంది బొత్తాం. “మీరు వెళ్ళక్కర్లేదు.”